స్వరూపక్క సింగిల్ ఫోటో దియ్యదు

శ్రీరాంపూర్‌లో నవ్యశ్రీ ఫోటో స్టూడియో ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తరు. చూపించుకుంటనే ఒక మాట చెవిన వేస్తరు: "జంటగ పోండ్రి. ఆమె సింగిల్ ఫోటో దియ్యదు."

స్వరూపకు ఆ పేరు పడి చాన్నాళ్ళయింది. పాస్‌పోర్టు సైజు తీస్తది. ఆధార్‌కు, పింఛనుకు, బ్యాంకుకు ఎన్నంటే అన్ని తీస్తది. "అవి ఫోటోలు గావు, ముద్రలు" అంటది. కానీ ఒక మనిషి కొత్త అంగి తొడుక్కొని, నెత్తి దువ్వుకొని, జలపాతం తెర ముందట ఒక్కడే నిలబడి "అక్కా, ఒక్కటి మంచిది కొట్టు" అంటే మాత్రం ఆమె చెయ్యి కెమెరా మీదికి పోదు.

"నీ దోస్తును తోల్కరాపో" అంటది.

బొగ్గుబాయిల కొత్తగ నౌకరైన కొండల్ అనే పిలగాడు ఒకసారి గట్టిగ కొట్లాడిండు. "నాకు దోస్తులు లేరక్కా! ఉన్నోళ్ళంత డ్యూటీల ఉన్నరు. ఫేస్‌బుక్కుల పెట్టుకోవాలె, నా ఒక్కనిదే కావాలె."

"అయితే మా అత్త నిలబడ్తది."

"మీ అత్తనా?"

గల్లా పక్కన కుర్చీలో కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న రాజక్క అప్పటికే చేతులు కొంగుకు తుడుచుకొని లేచింది. ఆమెకు అలవాటే. "జర జరుగు బిడ్డా, నాకు కూడ జాగియ్యి" అనుకుంట జలపాతం ముందట కొండల్ పక్కన నిలబడి, కొంగు సవరించుకొని, కెమెరా దిక్కు నిటారుగ చూసింది. అట్ల ఆ కాలనీలో ఎందరు పిలగాండ్ల ఫోటోలలో రాజక్క ఉన్నదో లెక్క లేదు. తమకేమీ కాని ఆ ముసలామె ఫోటో ఎన్నో ఇండ్ల గోడల మీద, అల్మారాల మీద ఉన్నది. పెండ్లయి వచ్చిన కొత్త కోడండ్లు "ఈమె ఎవలు, మీ నాయనమ్మనా?" అని అడుగుతుంటరు.

స్టూడియో పెట్టింది స్వరూప పెనిమిటి ప్రేమ్‌సాగర్. బిడ్డ పుట్టిన ఏడు పెట్టిండు కాబట్టి బిడ్డ పేరే పెట్టిండు. ఆ రోజుల్లో స్వరూప పని లైటు పట్టుడు. పెండ్లిళ్ళలో ఆయన వెనుక వైరు చుట్టుకుంట నడిచేది. తర్వాత అందరి చేతుల్లోకి సెల్లులు వచ్చినయి, దుకాణం మందగించింది, ఆయన దుబాయి పోయిండు. పోయేటప్పుడు కెమెరా అమ్ముదామన్నడు. "ఉండనియ్యి, నేను చూస్త" అన్నది స్వరూప. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంట నేర్చుకున్నది. ఇప్పుడు వాన పెండ్లి అయినా, కరెంటు పోయిన పెండ్లి అయినా స్వరూపక్కను పిలిస్తే ఫికర్ లేదంటరు.

సింగిల్ ఫోటో సంగతి మాత్రం వేరే. బాయిల మీద బతికే ఊళ్ళలో ఫోటో స్టూడియోకు ఒక పని తప్పదు. ఇంట్లో మనిషి పోతడు. దండ వేయడానికి ఫోటో ఉండదు. ఏ మేనకోడలి పెండ్లిలోనో నలుగురితో నిలబడి నవ్వుతున్న ఫోటో పట్టుకొని ఇంటోళ్ళు వస్తరు. "ఈయన్ని ఒక్కన్ని చెయ్యి బిడ్డా" అంటరు. ఆ నలుగురిలో నుంచి ఆ ఒక్కన్ని విడదీయాలె. దోస్తు భుజం మీద వేసిన చెయ్యిని కంప్యూటర్ మీద కొంచెం కొంచెం తుడిచి, ఆ జాగల అంగి రంగు నింపాలె. ఎన్ని చేతులు తుడిచిందో స్వరూప. అది కూడా ఓర్చుకున్నది. కానీ ఒకనాడు ఒక పిలగాడు వచ్చి, సంబురంగ సింగిల్ దిగి పోయిండు. ఆ నెల ఎల్లకముందే అతని భార్య వచ్చింది. బండి మీద పోతుంటే లారీ తాకిందట. "మీ దగ్గర ఫోటో ఉన్నది గదా" అన్నది. కత్తిరించే పనే లేదు, తుడిచే చెయ్యి లేదు. ఫోటో సిద్ధంగ ఉన్నది. ఆ సిద్ధంగ ఉండుడే స్వరూపకు బుగులు పుట్టించింది. ఆ తర్వాత ఇంకెవలనూ ఒక్కన్నిగ నిలబెట్టలేదు. ఎందుకని అడిగితే చెప్పదు. "నాకు జంటలే మంచిగ వస్తయి" అంటది, అంతే.

వానలు తగ్గినంక ఒక పొద్దున ఆమెకు ఫోను వచ్చింది. ఆసిఫాబాద్ అవతల, ప్రాణహిత ఒడ్డున సైన్యం వాళ్ళు తర్ఫీదు కోసం డేరాలు వేసిండ్రు. వాళ్ళలో వేరే దళం అది. విమానం కూలినా, కొండల్లో మనిషి చిక్కుకున్నా, వరదలో కొట్టుకపోయినా ఆకాశం నుంచి దిగి, దెబ్బ తాకినోన్ని కట్టు కట్టి మోసుకొచ్చే వాళ్ళు. ఆ తర్ఫీదు ఫోటోలు తీసే వాళ్ళ మనిషికి జ్వరం తగిలింది. దగ్గరలో గట్టి ఫోటోగ్రాఫర్ ఎవరని అడిగితే ఎవరో ఈమె పేరు చెప్పిండ్రు.

"ఎవలి పెండ్లి?" అని అడిగింది రాజక్క.

"పెండ్లి గాదత్తా. మిలిట్రోళ్ళు. నీళ్ళల్ల దుంకుతరట, మనుషులను తోల్కొస్తరట."

"తోల్కొచ్చెటోళ్ళా? మంచిది. పోయి రా. పైలం, నువ్వు దుంకకు."

స్వరూప ఇంట్లో ఆనాటి నుంచి వాళ్ళ పేరు తోల్కొచ్చెటోళ్ళే.

డేరాల దగ్గర మేజర్ సాబ్ ఎదురొచ్చిండు. పొడుగు మనిషి, పంజాబీ. కూర్చోబెట్టి చాయి ఇప్పించి, హిందీలో రెండు పనులు చెప్పిండు. తర్ఫీదు జరిగినంత సేపు ఫోటోలు తీయాలె. చివరినాడు దళంలో ఒక్కొక్కరిది ఒక మంచి ఫోటో కావాలె, ఒక్కడే నిలబడి ఉన్నది. స్వరూప రెండింటికీ తల ఊపింది. రెండోది చివరినాడు గదా, చూద్దాం అనుకున్నది.

ఆమెకు తోడుగ హవల్దార్ హనుమంతును ఇచ్చిండ్రు. సుల్తానాబాద్ పిలగాడు. ముప్పై దాటినయి, మెడ పొట్టిగ, భుజాలు దర్వాజా పట్టనంత వెడల్పు. ఆమె తెలుగు విని మొఖం విప్పారింది.

"అక్కా, మీది శ్రీరాంపూరా? మస్తు దినాలైంది మన మాట ఇని. వీళ్ళతోటి హిందీల నవ్వీ నవ్వీ నా దవుడలు నొస్తున్నయి."

"హిందీల నవ్వుడు వేరే ఉంటదా తమ్మీ?"

"ఉంటదక్కా. జర ఆలస్యంగ నవ్వాలె. ముందు అర్థం కావాలె గదా."

మొదటి రోజే స్వరూప ఒక ఘనకార్యం చేసింది. గుట్ట మీద నుంచి తాళ్ళతో స్ట్రెచరు దింపుతుండ్రు. దాంట్లో దెబ్బ తాకినట్టు పడుకున్న జవాను, చుట్టూ నలుగురు, కింద రాళ్ళు. ఎండ సరిగ్గ వాళ్ళ మొఖాల మీద పడ్డది. ఎన్నో ఏండ్ల పెండ్లిళ్ళ అలవాటు ఆమె నోట్లో నుంచి తన్నుకొచ్చింది.

"ఆగుండ్రి! అందరు జర ఇటు సూడుండ్రి! స్మైల్!"

హుకుం వింటే ఆగుడు అలవాటైన మనుషులు. నలుగురూ ఆగిండ్రు. తాళ్ళకు వేలాడుకుంటనే ఇటు చూసిండ్రు. స్ట్రెచరులో తొడ విరిగినోడు పండ్లన్నీ కనబడేటట్టు నవ్విండు.

కింద నుంచి మేజర్ కేక పెట్టిండు. "పేషెంట్ ఎందుకు నవ్వుతుండు?"

హనుమంతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కూలబడ్డడు. స్వరూప సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సాయంత్రం మేజరే పిలిచి ఆ ఫోటో చూపించుమన్నడు. చూసి, మీసం కింద నవ్వు దాచుకొని, ఇది నాకొక్కటి వేరే పంపు అన్నడు.

అప్పటి నుంచి ఆమె నోరు మూసుకొని, కండ్లు తెరుచుకొని తిరిగింది. పెండ్లిలో మొఖాలు చూడాలె. ఇక్కడ చేతులు చూడాలె అని తెలిసింది. హెలికాప్టర్ ప్రాణహిత మీద దుమ్ములెక్క నీళ్ళు లేపుకుంట నిలబడేది. తలుపు దగ్గర ఒకడు కాళ్ళు వేలాడేసి కూర్చునేటోడు. వెనుకోడు వాని నడుముకున్న పట్టీలన్నీ గుంజి చూసి, ముడి చూసి, అప్పుడు భుజం మీద చెయ్యి వేసేటోడు. ఆ చెయ్యి పడంగనే ముందోడు నీళ్ళలోకి దుంకేటోడు.

"చెయ్యి పడకపోతే?" అని హనుమంతును అడిగింది.

"దుంకొద్దక్కా. మేజర్ సాబ్ నెట్టినా దుంకొద్దు. నీ ముడి నువ్వు సూసుకుంటె లెక్కల్లకు రాదు, ఇంకోడు సూడాలె."

స్వరూప ఆ చెయ్యిని వందసార్లు తీసింది. ఎందుకో తెలువదు, ఎంత తీసినా సాలు అనిపియ్యలేదు. దుంకినోడు మునిగిన మనిషి వెనుక నుంచి ఈదుకుంట వచ్చి, చంకల కింద చెయ్యి వేసి, "నేనున్న, నేనున్న" అని చెవుల్లో చెప్పుకుంట ఒడ్డుకు తెచ్చేటోడు. ఉత్త తర్ఫీదే అయినా ఆ మాట ప్రతిసారీ చెప్పేటోళ్ళు.

చివరినాడు రానే వచ్చింది. డేరా గుడ్డ ఒకటి రెండు గుంజలకు కట్టి తెర చేసిండ్రు. జవాన్లు గడ్డాలు గీసుకొని, ఇస్త్రీ బట్టలు తొడుక్కొని వరుసగ నిలబడ్డరు. స్వరూప ఒక్కొక్కరిని పిలిచింది. పిలిచినప్పుడల్లా ఏదో ఒక సాకు దొరికింది. "నువ్వు జర ఈ అద్దం పట్టుకో, వెలుతురు తక్కువున్నది." "నువ్వు ఆయన కాలర్ సరి చెయ్యి. ఆఁ, అట్లనే ఉండు." వరుస సగం కూడ కాకముందే మేజర్ వచ్చి కెమెరా తీసుకొని, తీసిన ఫోటోలు చూసిండు. వేలితో ఒక్కొక్కటి జరిపిండు. ఒకదాంట్లో పక్కోని మోచెయ్యి. ఒకదాంట్లో అర టోపీ. ఒకదాంట్లో కాలర్ మీద చెయ్యి.

"అన్నిట్ల ఇద్దరిద్దరున్నరు" అన్నడు హిందీలో. కోపం లేదు, ఆశ్చర్యమే. "నేను ఒక్కొక్కరివి అడిగిన."

"వెలుతురు కోసం సాబ్" అన్నది స్వరూప. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"పొద్దు గూకేలోపల కావాలె. మళ్ళ తియ్యి" అని ఆయన పోయిండు.

స్వరూప కెమెరా ఒళ్ళో పెట్టుకొని రాయి మీద కూర్చున్నది. హనుమంతు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నడు.

"ఏమైందక్కా? సింగిల్ ఎందుకు దియ్యవు?"

ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పింది. తుడిచిన చేతుల సంగతి, సిద్ధంగ ఉన్న ఫోటో సంగతి. "అందుకే తమ్మీ, మీ అసొంటోళ్ళను ఒక్కన్ని నిలబెట్టాలంటె నా చెయ్యి రాదు. మీరు దుంకేటోళ్ళు."

హనుమంతు చేతికందిన గులకరాయిని నది దిక్కు విసిరిండు. "నాకైతే సింగిలే కావాలె అక్కా. ఆళ్ళకు దియ్యకున్నా నాకొక్కనికి తియ్యి."

"ఎందుకు?"

"మా బాపు పరశురాములు మస్కట్‌ల ఉండె. గుండె ఆగిపోయింది. నేను చిన్నోన్ని. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. ఎవల పెండ్లి ఆల్బమ్‌లనో దేవులాడి, నలుగురు నిలబడ్డ దాంట్ల నుంచి కోసి గోడకు పెట్టిండ్రు. బాపు భుజం మీద ఒక చెయ్యి ఉంటది. వేలికి ఉంగరం. అది ఎవల చెయ్యో మా అవ్వకూ ఎర్కలేదు. దసరకు మా అవ్వ బాపుకు బొట్టు పెడితె, మా చెల్లె ఆ చేతిక్కూడ పసుపు పెడ్తది, పాపమని. నిజం చెప్పాల్నంటె అక్కా, నాకు బాపు మొఖం కంటె ఆ ఉంగరమే ఎక్కువ యాది."

"నా దగ్గరికి తెస్తె తుడిచేద్దును" అన్నది స్వరూప మెల్లగ.

"తుడువకపోవుడే మంచిగైంది. ఎవలో ఒకలు బాపు తోటి ఉన్నరనిపిస్తది. గానీ మా అవ్వ నా కోసం మళ్ళ అట్ల ఇల్లిల్లు తిరిగి ఆల్బమ్‌లు అడుగొద్దు. ఒక్కటి ఉంటె సాలు. పెట్టెల అడుగున పెట్టుకుంట. అవసరం పడకపోతె మంచిదే."

ఎంత మామూలుగ చెప్పిండో! పొలానికి పోతూ గొడుగు పట్టుకపోయినంత మామూలుగ. స్వరూపకు కోపమొచ్చింది. ఎవరి మీద కోపమో తెలువని కోపం.

"మీ అవ్వ నీ ఫోటో ఎన్నడు అడుగలేదా?"

"ఎందుకడుగదు? పోను చేసినప్పుడల్ల అడుగుతది. సంబంధాలోళ్ళకు సూపియ్యాలెనట. నేనే అంపలే."

"ఎందుకంపలే?"

"ఎవలో పిల్లను తెచ్చి, ఆమెను ఆ గోడ ముందట కూసోబెట్టుడు ఎందుకక్కా?"

అప్పుడు స్వరూపకు దారి దొరికింది. దొరికిందని ఆమె లేచి నిలబడ్డ తీరులోనే తెలిసింది. "ఇగో తమ్మీ, గోడకైతె నేను దియ్య. సంబంధానికైతె తీస్త."

"ఫోటో ఒక్కటే గదక్కా!"

"ఒక్కటెట్లయితది? గోడ ఫోటోల మనిషి ఎటూ సూడడు. సంబంధం ఫోటోల ముందట ఒక పిల్ల నిలబడ్డట్టు సూడాలె. నేను ఇన్ని ఏండ్లు ఊకెనే తీసిన్నా? లే, నిలబడు. తీసినంక మీ అవ్వకు అంపెదాక నేను ఊకోను. ఇష్టమైతెనే చెప్పు."

హనుమంతు నెత్తి గోక్కున్నడు. హెలికాప్టర్ తలుపు దగ్గర ఎన్నడూ అంత ఆలోచించినట్టు లేదు. వెనుక జవాన్లు ఏంది ఏంది అని అడుగుతుండ్రు. హనుమంతే హిందీలో తర్జుమా చేసిండు. ఒక్కసారే డేరాలన్నీ లేచినంత గోల.

"సరే అక్కా" అన్నడు చివరికి. "అంపు."

తెర ముందట ఒక్కడే నిలబడ్డడు. పక్కన మోచెయ్యి లేదు, టోపీ లేదు. స్వరూప కంటికి కెమెరా పెట్టుకున్నది. ఆ నలుచదరంలో ఒక్క మనిషి, చుట్టూ అంతా ఖాళీ. కండ్లు మూసి తెరిచింది.

"గదువ కొంచెం దించు. గట్ల గాదు, మేజర్ సాబ్ ముందట నిలబడ్డట్టున్నవు. పిల్ల తమ్మీ, పిల్ల! చాయి పట్టుకొని వచ్చింది. నీకిచ్చింది. నువ్వు కప్పు దిక్కు సూస్తున్నవా, ఆమె దిక్కు సూస్తున్నవా?"

"కప్పు దిక్కే అక్కా. ఒలుకుతదేమో అని."

చాయి, కప్పు అన్న మాటలు పట్టుకొని వెనుక నుంచి ఎవరో హిందీలో "అరె, ఈ హనుమంతుకు హెలికాప్టర్ కంటె చాయి అంటె భయం!" అని అరిచిండ్రు. హనుమంతు నవ్విండు. ఆలస్యంగ వచ్చే నవ్వు కాదు, తెలుగులోనే వచ్చిన నవ్వు. స్వరూప వేలు నొక్కింది.

తర్వాత మిగిలినోళ్ళందరినీ అట్లనే ఒక్కొక్కరిగ తీసింది. పెండ్లి కానోళ్ళను పిల్ల ముందట నిలబెట్టింది. ఒక పెద్ద వయసు సుబేదార్ "బహెన్, నాకు పెండ్లయి పిల్లలున్నరు" అని మొత్తుకున్నడు. "అయితె చాన్నాళ్ళకు సెలవు దొరికి ఇంటికి పోయి, భార్య ముందట నిలబడ్డట్టు సూడు సాబ్" అన్నది. అందరి ఫోటోలలో అదే మంచిగ వచ్చింది. పొద్దు గూకేసరికి మేజర్ అన్నీ చూసిండు. "వెలుతురు ఇప్పుడు బాగైనట్టున్నది" అని మాత్రం అన్నడు.

స్వరూప శ్రీరాంపూర్ చేరినంక మాట తప్పలేదు. ఫోటోను హనుమంతు ఇచ్చిన నంబరుకు పంపింది. రెండు దినాలకు పొద్దున్నే ఫోను మోగింది. సుల్తానాబాద్ నుంచి లస్మవ్వ, హనుమంతు తల్లి.

"బిడ్డా, నువ్వు సల్లగుండాలె. నా కొడుకు నవ్వంగ సూసి ఎన్నేండ్లాయె! మా పక్కింటి పిల్ల సెల్లు పట్టుకొచ్చి సూపిస్తె, దాన్ని సెల్లు మళ్ళ అడుగనియ్యలే. పొద్దుందాక నా చేతులనే ఉన్నది. గానీ బిడ్డా, ఒక ముచ్చట. పెద్దపల్లిల ఒక సంబంధమున్నది. పిల్ల పేరు సృజన, దవాఖానల నర్సు. ఫోటో సూసి మొఖం మంచిగనే ఉన్నదన్నరట. పొట్టోడా అని అడుగుతున్నరు. నిలువు ఫోటో ఒకటి అంపరాదు?"

"ఉంటది పెద్దవ్వా, సూసి అంపుత" అన్నది స్వరూప.

కంప్యూటర్ ముందర కూర్చొని అన్నీ వెతికింది. హనుమంతు నీళ్ళలో ఉన్నవి ఉన్నయి, తాడుకు వేలాడుతున్నవి ఉన్నయి, నేల మీద పాకుతున్నవి ఉన్నయి. నిలువుగ, కాళ్ళ నుంచి నెత్తి దాకా నిలబడి ఉన్నది ఒక్కటే దొరికింది. దాంట్లో బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, ఇంకో జవానును భుజాల మీద అడ్డంగ వేసుకొని ఒడ్డు ఎక్కుతుండు.

"ఇదెట్ల అంపుడత్తా?" అని రాజక్కను అడిగింది. "పెండ్లి సంబంధానికి మనిషిని మోసుకొని పోతున్న ఫోటోనా?"

రాజక్క కండ్లద్దాలు పైకి జరుపుకొని చూసింది. "పొడుగు తెలుస్తుంది గదా. పైన ఇంకొకడున్నా తూలుతలేడు, కాళ్ళు గట్టిగున్నయి. అంపు."

పంపింది. రోజంతా జవాబు లేదు. స్వరూపకు పని మీద మనసు పట్టలేదు. తప్పు చేసినట్టున్న, భయపడ్డట్టున్నరు అనుకున్నది. ఆ పిలగాడు ఎన్నడూ లేనిది ఒకసారి ఒప్పుకుంటే తానే చెడగొట్టిందా అని మనసు పీకింది. చీకటి పడుతుంటే లస్మవ్వ ఫోను చేసింది.

"బిడ్డా, పిల్ల ఒక మాట అడుగుమన్నదట. ఆ భుజాల మీద పండుకున్నాయనకు ఏమైంది, బతికిండా అని."

స్వరూప లస్మవ్వను ఉండుమని చెప్పి, ఇంకో సెల్లు నుంచి హనుమంతుకు కలిపింది. డేరాలు ఇంకా ఎత్తలేదు, వాళ్ళకు సెల్లులు ఇచ్చే వేళ అది. విషయం చెప్పింది.

అవతల ఎవరో పళ్ళాలు కడుగుతున్న సప్పుడు, దూరంగ నది.

"తమ్మీ, ఇంటున్నవా? పెద్దవ్వ లైన్ల ఉన్నది. ఏం చెప్పాలె? బతికిండని చెప్పనా?"

"నువ్వు చెప్పకక్కా" అన్నడు హనుమంతు. "ఆ పిల్ల నంబరు అడుగుమను అవ్వను. నేనే చెప్త."